శ్రమదినాల్లో ఉపవాసమున్న కంప్యూటర్

ముందుగా దేవునికి స్తోత్రం. తాను చేసినదాన్ని అలా వదిలేయక, రోజూ వచ్చి చూసుకునే దేవునికి స్తోత్రం. రాత్రి మా కొండల మీద మంచు కప్పి, పొద్దున్నే తన చేత్తోనే తీసేవానికి మహిమ కలుగును గాక. అడగడం రానివాళ్ళకి ప్రశ్నలిచ్చేది ఆయనే, జవాబు దొరికేదాకా ఓపిక ఇచ్చేదీ ఆయనే. ఆయనను తలచుకోకుండా నేను ఏ పనీ మొదలుపెట్టను. ఇప్పుడు రాయబోయేది ఒక పాత కంప్యూటర్ గురించే అయినా సరే.

మా ఊరికి అరకు నుంచి జీపులో లోపలికి రావాలి. వాలు మీద కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, దిగువన చోడి, అంటే రాగి చేలు. ఊరికి పైన రేకుల కప్పుతో మా ప్రార్థన మందిరం. దాని వెనక చిన్న గది ఉంది. మా సంఘం లాప్‌టాప్ ఆ గదిలోనే ఉంటుంది. ఎవరో వాడి ఇచ్చినది. మూత తెరిచినప్పుడు కిర్రుమంటుంది. బ్యాటరీ ముసలిదైపోయింది, కరెంటు తీగ తీస్తే చిన్న ప్రార్థన ముగిసేలోపే ఆరిపోతుంది.

దాన్ని నడిపేది మా వదిన, అంటే మా పెద్దన్నయ్య భార్య. ప్రతి నెలా కింద పట్నంలో ఉన్న మా సంఘాల కార్యాలయం నుంచి తెలుగులో ఒక వాక్య పాఠం వస్తుంది. నేను మైదానంలో బైబిల్ శిక్షణ చదివి వచ్చి, ఇక్కడ ఆదివారపు బడి చెబుతాను కాబట్టి ఆ పాఠం చదివి విడమరచడం నా వంతు. ఇద్దరం కూర్చుని దాన్ని కువిలోకి, అంటే మా కొండ భాషలోకి మారుస్తాం. తర్వాత వదిన తన గొంతుతో చెబుతుంది. మధ్యలో కూసిన కోడినీ, దగ్గిన నన్నూ కంప్యూటర్‌లో కత్తిరించి, పాఠాన్ని కార్యాలయం వాళ్ళ సైటుకి ఎక్కిస్తుంది. అక్కడి నుంచి అది కువి మాట్లాడే ఊళ్ళన్నిటికీ, ఒడిశా వైపు కొండలకి కూడా, ఫోన్లలో వెళ్తుంది. చదువు రాని పెద్దవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం ఒక ఫోన్ చుట్టూ చేరి వింటారు. కథ చెప్పేవాళ్ళకి కొట్టినట్టు ఆ ఫోన్‌కి "ఊఁ" కొడతారు. ఊఁ కొట్టకపోతే చెప్పేవాళ్ళు ఆగిపోతారని వాళ్ళ భయం.

పెళ్ళై మా ఇంటికి వచ్చినప్పటి నుంచీ వదిన సంఘంలో నోరు విప్పి ప్రార్థన చేసింది తక్కువ. ఎవరైనా చెయ్యమంటే తల దించుకునేది. ఆ మైకు ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ గొంతు వేరు. పాఠం చెప్పడమే ఆమె ప్రార్థన అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇక నాకు ఆసక్తి పుట్టించిన సంగతి. నెలకోసారి, రెండో వారం మధ్యలో, ఆ యంత్రం ఎవరూ అడగకుండానే తెర మూలన ఒక మాట చూపించేది: కొత్త భద్రతా అప్‌డేట్ సిద్ధంగా ఉంది. వదిన సరేనని నొక్కేది. అది ఏదో దించుకునేది, ఒకసారి ఆరిపోయి మళ్ళీ వెలిగేది. చూడ్డానికి ఏమీ మారేది కాదు.

"ఏటొదినా ఇది? పోయిన నెలే సేసినావు గదా?" అని అడిగాను ఒకసారి.

"నెలనెలా వత్తాదే. మన బల్లారాధనలాగ."

ఆ మాటతో నేను దానికి చిక్కుకుపోయాను. మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ముందు రోజు సాయంత్రం, మాటలు మానుకున్నవాళ్ళు మాట్లాడుకోవాలి, గట్టు జరిపినవాళ్ళు ఒప్పుకోవాలి. ఎవరి లోపల వాళ్ళు వెతుక్కోకుండా రొట్టె ముట్టుకోకూడదు. మనుషులం కాబట్టి నెల తిరిగేసరికి మాలో ఏదో ఒకటి పోగవుతుంది. మరి గదిలో బల్ల మీద కదలకుండా కూర్చున్న యంత్రం నెల రోజుల్లో ఏం తప్పు చేసి ఉంటుంది?

వదినకి తెలియదు. కార్యాలయంలో కంప్యూటర్లు చూసుకునే ఆయన ఉన్నారు. విజయనగరం వైపు మనిషి, విశ్వాసి, పిల్లలు పెళ్ళీడుకొచ్చిన పెద్దమనిషి. మేమిద్దరం అన్నయ్య అంటాం. ఆయనకి ఫోన్ చేశాను.

"అది తప్పు సెయ్యలేదమ్మా," అన్నాడాయన. "తప్పు దాన్ని రాసినోళ్ళది. లచ్చల వరసలు రాత్తారు. ఎక్కడో ఓ సందు ఉండిపోతాది. దొంగోడు కనిపెడితే దూరిపోతాడు. మంచోడు కనిపెడితే ఆ రాసినోళ్ళకి సెప్తాడు. సెప్పినవన్నీ పోగేసి, సందులు మూసి, నెలకోపాలి పంపుతారు."

"నెలదాకా ఏటికి? దొరికిన రోజే పంపొచ్చు గదా అన్నయ్యా?"

"రోజూ ఇంటి తలుపు మార్సుతుంటే ఆ ఇంట్లో వోలుంటారమ్మా?"

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు, దాన్ని నేను చాలా రోజులు మోసుకు తిరిగాను. అప్‌డేట్ వచ్చిన రోజే దొంగలు కూడా దాన్ని విప్పి చూస్తారట. ఎక్కడ మూశారో చూస్తే, అంతకుముందు ఎక్కడ తెరిచి ఉందో తెలిసిపోతుందట. అప్పుడు ఇంకా మూసుకోని ఇళ్ళ మీదికి వెళ్తారట. బాగుచేసే మాట చెవిన పడ్డాక కూడా బాగుపడకుండా ఉన్నవాడికి, ఆ మాట వినకముందున్న ప్రమాదం కన్నా పెద్ద ప్రమాదమన్నమాట. ఇదే సంగతి నేను వాక్యంలో ఎన్నిసార్లు చదివానో! అయినా ఒక యంత్రం నోట వింటే కొత్తగా ఉంది.

మా సంఘపెద్దకి ఇదంతా నచ్చేది కాదు. వరసకి నాకు మావయ్య అవుతాడు.

"దేవుడు కాపలా ఉండగా ఈ తలుపులూ తాళాలూ ఏటికే మీకు? విశ్వాసం లేక కాదా?" అన్నాడొకసారి గది గుమ్మంలో నిలబడి.

వదిన తెర మీంచి తల తిప్పకుండానే, "మరి నువ్వు సామలు ఎండేసినప్పుడు కోళ్ళకి వల ఏటికి కట్టినావు మావా?" అంది.

"కోడి కోడే. దానికి విశ్వాసం ఉండదు."

"దొంగోడికి ఉంటాదేటి?"

మావయ్య నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ ఏడు శ్రమదినాలు వచ్చాయి. ఈస్టర్‌కి ముందు నలభై దినాలు మా సంఘం ఉపవాసం ఉంటుంది. పగలు తినం, సూర్యుడు దిగాక గంజి తాగుతాం. ఆ ఏడు మా పాస్టరు అయ్యగారు ప్రసంగం చివర ఇంకొక మాట కలిపారు. "నోటికి ఉపాసం పెడతన్నాం గాని కళ్ళకి పెట్టట్లేదు. ఈపాలి ఫోన్లలో నెట్టు ఆపేద్దాం. ఫోన్ మాటాడుకోడానికే. పండగ తెల్లారే దాకా బొమ్మలు లేవు, వీడియోలు లేవు." కుర్రాళ్ళు మూలిగారు, కోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, కానీ అందరం చేతులెత్తి ఒప్పుకున్నాం. దేవుని ముందు అన్న మాట.

ఆ సాయంత్రమే వదిన గదిలోకి వెళ్ళి కంప్యూటర్‌కి నెట్ తీసేసింది.

"ఇదీ సంఘానిదే గదా. సంఘం పస్తుంటే ఇది తింటాదేటి?" అంది.

నాకు అది చాలా సరైన మాట అనిపించింది. మైదానం వాళ్ళకి ఇది వింతగా ఉండొచ్చు. మా కొండల్లో, సువార్త రాకముందు నుంచీ, ఊరు నియమం కట్టిందంటే మనుషులే కాదు, ఎద్దుకి కాడి ఎత్తరు, నాగలి పొలం దిగదు, కత్తి చూరులోంచి కిందికి రాదు. పనిముట్లు కూడా మనతోపాటు నియమంలో ఉంటాయి. నమ్ముకున్నాక దేవుడు మారాడు గాని ఆ మర్యాద మారలేదు. శ్రమదినాల శుక్రవారాల్లో ఇప్పటికీ మాలో ఎవరూ ఎద్దుని కట్టరు. అలాంటివాళ్ళం కంప్యూటర్‌ని మాత్రం ఎలా వదిలేస్తాం?

నెట్ తీసేముందు వదిన అప్‌డేట్లు ఆపమని దానికి చెప్పబోయింది. ఎంత కాలం ఆపాలో ఎంచుకోమని తెర అడిగింది. అన్నిటికన్నా ఎక్కువ అయిదు వారాలే. మనకన్నా దానికి ఓర్పు తక్కువని ఇద్దరం నవ్వుకున్నాం. ఎందుకు అయిదు వారాలకి మించి ఆగనివ్వరో మాత్రం అప్పుడు అడగలేదు. నాకు అన్నిటి మీదా ప్రశ్నలే, అడగాల్సిన చోట మాత్రం నోరు తెరవలేదు.

ఆ దినాలు గడిచాయి. ఈస్టర్ పాఠం కాగితం మీద సంత జీపులో వచ్చింది. వదినా నేనూ కువిలోకి మార్చాం, ఆమె చెప్పింది, కత్తిరింపులు అయ్యాయి. నెట్ లేకుండానే ఇదంతా చెయ్యొచ్చు. పాఠం పైకి పంపడానికి ఒక్క పూట నెట్ తెరవడానికి అయ్యగారు ముందే సెలవిచ్చారు. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల వారంలో, బుధవారం నాడు వదిన తన ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి కలిపి, కార్యాలయం సైటు తెరిచింది. లోపలికి రానివ్వలేదు. ఈ కంప్యూటర్‌కి భద్రతా అప్‌డేట్లు లేవు, ముందు అవి పూర్తి చేసుకుని రండి అని తెర మీద రాసి ఉంది.

వదిన అన్నయ్యకి ఫోన్ చేసి, నాకు కూడా వినిపించేలా పెట్టింది.

"ఎన్నాళ్ళయిందమ్మా అప్‌డేటు సేసి?"

"శ్రమదినాలు మొదలైన కాడి నుంచీ లేదన్నయ్యా. ఉపాసం పెట్టినాం."

"వోలికి?"

"కంప్యూటర్‌కి."

అవతల ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "నవ్వకూడదు తల్లీ, శ్రమల వారం. గాని నా సర్వీసులో ఇలాటిది ఇన్లేదు."

నవ్వయ్యాక ఆయన గొంతు మారింది. పాఠం శనివారం మధ్యాహ్నం లోపు ఎక్కాలి, లేకపోతే పండక్కి తెలుగు పాఠం ఒక్కటే వెళ్తుంది. "అదొక్కటే అయితే పరవాలేదమ్మా. ఇక్కడ పెద్దలు ఇప్పటికే అంటన్నారు, కొండల్లో గుంటడికీ గుంటకీ అందరికీ తెలుగు వచ్చీసింది గదా, ఆ భాషకి వేరేగా పాఠం ఏటికని. ఒక్క నెల తప్పితే అదే సాకు. ఇంక కువి పాఠం ఉండదు."

నేనే అడిగాను, పాఠాన్ని ఫోన్‌లో పంపేస్తే మీరు ఎక్కించలేరా అని. వీల్లేదన్నాడు. వెనకటికి ఎవరో సంఘం పేరు పెట్టుకుని తప్పుడు బోధ ఒకటి అందరి ఫోన్లకీ పంపేశారట. చదువు రాని ముసలివాళ్ళు అదీ దేవుని మాటే అనుకుని ఊఁ కొట్టారు. అప్పటి నుంచి కార్యాలయానికి తెలిసిన యంత్రంలోంచి, అదీ మరమ్మతులన్నీ పూర్తయిన యంత్రంలోంచి తప్ప ఏదీ తీసుకోరు. మంద తలుపు అలా కాస్తున్నారని నాకు అర్థమైంది. తలుపు బయట మిగిలిపోయింది మేమే అని కూడా.

"అప్‌డేటు సేసీ మరి. బేగి సెయ్యి," అన్నాడు. "గాని పెద్దది. నీ ఒక్కదాని ఫోన్‌లో రోజూ వచ్చే డేటా దానికి సాలదు. నలుగురివి కావాల."

"అరకు పట్టుకెల్తే?" అన్నాను వదినతో, ఫోన్ పెట్టాక.

"జీపు సంతకే గదా కదులుతాది. సంత శుక్రవారం. ప్రభువు సిలువెక్కిన మంచి శుక్రవారం నాడు మందిరం వదిలేసి సంతకెల్తానా?" అంది వదిన. తర్వాత నెమ్మదిగా, "నానే గదే దాని నోరు కట్టీసినాను," అంది.

ఆ సాయంత్రం ప్రార్థన కూడికలో అయ్యగారు సంగతి అందరికీ చెప్పారు. నలుగురి ఫోన్లు కావాలంటే నలుగురు నియమం తప్పాలి.

మావయ్య లేచాడు. "దేవుడి కాడ అన్న మాట. రేపు గురువారం, ఎల్లుండి మంచి శుక్రవారం. అంచు దాకా వచ్చి గట్టు తెంపుకుంటామా? పాఠం వచ్చే నెల పంపండి."

"వచ్చే నెల ఉండదు మావా," అన్నాను నేను.

"ఎద్దు గోతిలో పడితే విశ్రాంతి దినమని సూత్తా కూకుంటామేటి?" అంది ఒక కోడలు.

"ఎద్దుకి పేణం ఉంది. దీనికేటుంది, బ్యాటరీ ఉంది."

"అదీ సరిగ్గా లేదు," అన్నారెవరో వెనక నుంచి. నవ్వు వచ్చింది, కానీ వదిన నవ్వలేదు. ఆమె కాళ్ళ ముందున్న చాప అంచు పీకుతూ కూర్చుంది.

మా సంఘంలో అందరికన్నా పెద్దామె ఉంది, ఊరంతా అవ్వ అంటాం. ఆమెకి కువి తప్ప రాదు. ఈ గోలంతా ఏమిటని పక్కనున్నామెని అడిగి తెలుసుకుంది. తర్వాత ఒక ప్రశ్న వేసింది. ఆమె కువిలో అడిగినదాన్ని నేను తెలుగులో రాస్తున్నాను.

"ఫోన్‌లోకి రోజూ వచ్చేదాన్ని మీరు వాడుకోవట్లేదు కదా. మరి మిగిలింది ఎక్కడ దాచుతున్నారు?"

"దాచడం ఉండదవ్వా. రాత్రి దాటితే పోతుంది. తెల్లారి కొత్తది వస్తుంది," అన్నాను.

"పోవడమంటే?"

"పోవడమే. లేకుండా పోతుంది."

అవ్వ ముఖంలో కోపం లేదు, నిజమైన ఆశ్చర్యం ఉంది. "ఉపవాసం నాడు మిగిలిన బియ్యం మనం పారబొయ్యం కదా?"

మా ఇళ్ళలో ప్రతి వంటకీ ముందు ఒక పిడికెడు బియ్యం దేవుని కుండలో వేస్తాం. ఉపవాసం ఉన్న పూట అయితే పిడికెడు కాదు, ఆ పూటకి వండాల్సినదంతా కుండలోకే పోతుంది. అది ఊళ్ళో పేదవాళ్ళకి వెళ్తుంది. తినకుండా మిగిల్చి ఇంట్లో దాచుకుంటే అది ఉపవాసం కాదు, పిసినారితనం అని మా పిల్లలకి కూడా నేర్పిస్తాం. మరి ఇన్నాళ్ళుగా ఊరంతా కలిసి ప్రతి రాత్రీ దేన్ని పారబోస్తున్నామో మాలో ఒక్కరికీ తట్టలేదు.

అయ్యగారు చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థించారో ఆలోచించారో తెలియదు. "మనం సూడం. మన కళ్ళకి ఉపాసం అలాగే ఉంటాది," అన్నారు చివరికి. "మిగిలింది మాత్రం కుండలో వేద్దాం. ఈపాలి కుండ ఆ గదిలో ఉంది."

అందరూ మావయ్య వైపు చూశారు. ఆయన తల గోక్కున్నాడు. "పారబొయ్యడం మాత్రం పాపమే," అన్నాడు.

గురువారం ఉదయ ప్రార్థన అవ్వగానే మందిరం అరుగు మీద చేరాం. మా దగ్గర సిగ్నల్ బాగా అందేది గంట స్తంభం పక్కనే. కరెంటు తీగని కిటికీలోంచి లాగి లాప్‌టాప్‌ని అరుగు మీద పెట్టాం. మొదట ఫోన్ తెచ్చింది మావయ్యే. రోజులో మొదటి వంతు దేవునికివ్వాలని, ఇంటి దగ్గర ఫోన్ ముట్టుకోకుండా తువ్వాల్లో చుట్టి తెచ్చాడు.

ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి పంచాలంటే పాస్‌వర్డ్ చెప్పాలి.

"మావా, నీ పాస్‌వర్డ్ ఏటి?" అంది వదిన.

"ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ..." మావయ్య ప్రసంగ వేదిక మీది గొంతుతో చెప్పాడు.

"ఎనిమిది దాకా ఎల్లి ఆగిపోయినావా?"

"అంతకి మించి గుర్తుండదే."

ఒకరి డేటా అయిపోతే ఇంకొకరు ముందుకొచ్చారు. ఒక కోడలు మాత్రం తన పాస్‌వర్డ్ పైకి చెప్పనంది. "నానే కొడతాను, మీరటు తిరగండి" అని వచ్చి కొట్టింది. అంతే, అత్తగారితో సహా అరుగు మీద ఉన్నవాళ్ళంతా అది ఏమై ఉంటుందో ఊహించడం మొదలుపెట్టారు. "మొగుడి పేరేటే?" "మొగుడి పేరైతే దాసుకోడమేటికి?" పాపం ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

మధ్యలో అన్నయ్య ఫోన్ చేశాడు. వెనక అరుపులు విని, "అమ్మా! తాళాలు బాగుసేయించుకుంటా తాళంచెవులు వీధిలో కేకలేత్తన్నారేటి?" అన్నాడు.

అప్పుడే నన్ను తొలుస్తున్న సంగతి అడిగాను. మేము తప్పిన నెలలవి విడివిడిగా తెచ్చుకోవాలా అని.

"అక్కర్లేదమ్మా. ఆకరిదొక్కటి తెచ్చుకుంటే సాలు. పాతవన్నీ దాని కడుపులోనే ఉంటాయి."

నేను దాన్ని రెండుసార్లు చెప్పించుకున్నాను. వెనకపడినవాడు వెనకపడిన రోజులన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ నడిచి రానక్కర్లేదా? వచ్చిన రోజునే అంతా అందుతుందా? పొద్దుట నుంచి తోటలో పనిచేసినవాడికీ, సాయంత్రం వచ్చినవాడికీ ఒకే కూలి ఇచ్చిన యజమాని కథ నేను పిల్లలకి ఏటా చెబుతాను, చెప్పిన ప్రతిసారీ ఒక పిల్ల లేచి అది అన్యాయమంటుంది. ఈసారి దానికి చెప్పడానికి నా దగ్గర కొత్త మాట ఉందనుకున్నాను. తర్వాత ఇంకో అనుమానం వచ్చింది: ఆగిపోయిన ఆ వారాల్లో ఎవరైనా దూరి ఉంటే? ఆఖరి అప్‌డేట్ తలుపు మూస్తుంది, సరే. లోపలికి వచ్చేసినవాణ్ణి బయటికి పంపుతుందా? పంపదన్నాడు అన్నయ్య. దానికి వేరే వెతుకులాట ఉందన్నాడు. క్షమాపణ వేరు, శుద్ధి వేరు అని మా శిక్షణలో ఒక పూటంతా చెప్పారు. అప్పుడు నిద్రపోయాను. అరుగు మీద మేలుకున్నాను.

మధ్యాహ్నానికి దించుకోవడం పూర్తయింది. ఇక ఒకసారి ఆర్పి వెలిగించాలి, అప్పుడే సందులన్నీ మూసుకుంటాయి. వదిన నొక్కబోతుండగా కొండ మీంచి గాలి లేచింది. ఎండాకాలపు గాలివాన మాకు అలాగే వస్తుంది, చెప్పకుండా. రేకుల మీద వడగళ్ళు పడ్డాయి, కరెంటు పోయింది. వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది. మరమ్మతు మధ్యలో కంప్యూటర్ ఆరిపోతే అసలు మళ్ళీ లేవకపోవచ్చని అన్నయ్య గట్టిగా చెప్పి ఉన్నాడు. మా బ్యాటరీ సంగతి తెలిసిందే. మెల్లిగా మూత మూసి, దాన్ని గదిలోకి తీసుకెళ్ళి తీగ తగిలించింది.

గురువారమంతా కరెంటు రాలేదు. దిగువన ఎక్కడో చెట్టు తీగల మీద పడిందన్నారు. ప్రభువు కడరాత్రి భోజనం జ్ఞాపకంగా ఆ రాత్రి చేసే బల్లారాధన దీపాల వెలుగులో జరిగింది. శుక్రవారం పొద్దున కూడా లేదు. కరెంటు వచ్చినా రాకపోయినా శనివారం మధ్యాహ్నపు గడువు మాత్రం తప్పకుండా వస్తుంది. వదిన ముఖం చూడలేక నేను పక్క చూపులు చూశాను.

మంచి శుక్రవారం మధ్యాహ్నం ఆరాధన మాకు అన్నిటికన్నా పెద్దది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు. మందిరంలో అందరం నేల మీద, తెల్లబట్టల్లో, ఖాళీ కడుపులతో. అయ్యగారు అయిదోదైన దప్పిక మాట చెబుతున్నారు. ఉన్నట్టుండి ఆయన తల మీద బల్బు వెలిగింది.

అన్ని తలలూ వదిన వైపు తిరిగాయి. వదిన మాత్రం కదల్లేదు, అయ్యగారి వైపే చూస్తోంది. ఈ గంటలో ఆమె లేవదని నాకు తెలుసు. ఇంకో గంటకి కరెంటు ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. అయ్యగారు వాక్యం మధ్యలో ఆగారు. బల్బుని చూశారు, వదినని చూశారు.

"ఎల్లమ్మా," అన్నారు. "బేగి ఎల్లు. ఇదీ ఆరాధనే."

వదిన లేచింది. ఆమె వెనకే నేను.

గదిలో వదిన కంప్యూటర్ వెలిగించి నొక్కగానే తెర నల్లబడి, మళ్ళీ నీలంగా వెలిగింది. అప్‌డేట్లు జరుగుతున్నాయి, కంప్యూటర్ ఆర్పవద్దు అని ఒకే వాక్యం, దాని కింద పెరిగే అంకె. గోడ అవతల అయ్యగారి గొంతు. ఆ కాసేపు ఆ యంత్రం దేనికీ పనికి రాదు. పాఠం లేదు, గడియారం లేదు, తనెవరో తనకే తెలియనట్టుంది. పని చేస్తూ ఉన్నది తనని తాను బాగుచేసుకోలేదేమో, బాగుపడాలంటే కాసేపు పూర్తిగా ఆగిపోవాలేమో అనుకున్నాను. అంకె ఒకచోట కదలకుండా నిలబడింది. వదిన పెదవులు కదులుతున్నాయి, కువిలో. అంతకుముందు ఎప్పుడూ ఆమె నా పక్కన శబ్దంగా ప్రార్థించలేదు. ఇప్పుడు చేస్తోంది, వినపడేలా. నేను ఊఁ కొట్టాను, నాకు తెలియకుండానే.

అంకె కదిలింది. తెర ఆరి వెలిగింది. పాత బొమ్మ వచ్చింది. వదిన తన ఫోన్ కలిపి కార్యాలయం సైటు తెరిచింది. ఈసారి తలుపు తీశారు. ఆఖరి కీర్తన పాడుతుండగా పాఠం పూర్తిగా ఎక్కింది.

శనివారం అన్నయ్య ఫోన్ చేసి, పండక్కి పాఠాలు రెండూ వెళ్తున్నాయని చెప్పాడు. కువి పాఠం ఆపాలన్న మాట ఇప్పటికి ఎవరూ ఎత్తలేదట. ఈస్టర్ ఉదయం అయ్యగారు ప్రకటనల్లో ఒక మాట చదివారు: వచ్చే ఏటి నుంచి పసిపిల్లలకీ, జబ్బుపడినవాళ్ళకీ, బాలింతలకీ, సంఘం కంప్యూటర్‌కీ ఉపవాసం లేదు. మావయ్యే ముందుగా ఆమేన్ అన్నాడు.

కానీ ఆ శుక్రవారమే, పాఠం వెళ్ళిపోయాక, తెర మీద ఇంకొక మాట చూశాం. కంప్యూటర్‌ని నడిపించే ఈ రకం వ్యవస్థకి ఇక కొన్ని నెలలే అప్‌డేట్లు వస్తాయట, చలికాలానికి ముందే ఆగిపోతాయట. కొత్తది వేసుకోమంది, ఈ యంత్రానికి దాన్ని మోసే శక్తి లేదని కూడా తనే చెప్పింది. అన్నయ్యని అడిగితే నిజమేనన్నాడు. ఆ తర్వాత ఇది ఎంత శుద్ధంగా ఉన్నా సైటు తలుపు దీనికి తియ్యదు. అంటే వదిన గొంతుకి కొన్ని నెలల గడువు దొరికింది, అంతే. ఆమె దాని గురించి బెంగపడటం నేను చూడలేదు. తర్వాతి నెల పాఠం ముందేసుకుని, ఓర్పు అనే మాటకి కువిలో సరైన మాట ఏదని నన్ను విసిగిస్తోంది.

చదివేవారు ఎక్కడివారైనా, కాసేపు మాతో మోకాళ్ళూనండి. మా వదిన పాఠాలు ఆగకుండా ఇంకొక యంత్రం మా కొండెక్కాలని అడగండి. ఎక్కడో కూర్చుని, మా ఊరు ఉందని కూడా తెలియకుండా, నెలనెలా మా సందులు వెతికి మూస్తున్న ఆ మనుషుల కళ్ళకీ చేతులకీ బలం ఇమ్మని అడగండి. వాళ్ళ పేర్లు మాకు తెలియవు, ఆయనకి తెలుసు. మీ ఇంట్లో కూడా మీరు వాడకుండా ప్రతి రాత్రీ పోతున్నదేదైనా ఉంటే, అది ఎవరికి చేరాలో చూపించమని ఆయననే అడగండి. తండ్రీ, మేము అడుగుతున్నాం. మాతో కలిసి అడిగేవారి మాట కూడా విను.